లోపలి పాపాన్ని జయించడం ఎలా: ఒక్కటి పట్టుకోండి, పేరు పెట్టండి

నల్లగొండలో అయినా పాలమూరులో అయినా, కూడిక ముగిసి అందరూ చెప్పులు వెతుక్కునే టైముకు ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడిగేది ఎక్కువసార్లు ఒకటే. "అన్నా, కల్లు మానేసిన, బూతులు మానేసిన, బాప్టిజం తీసుకొని ఏండ్లయింది. లోపల మాత్రం అట్లనే ఉంది. అసలు నాకు రక్షణ ఉన్నట్టా లేనట్టా?" అక్కలు అడిగేదీ ఇదే, కాకపోతే వాళ్లు తోడికోడలి ముచ్చటతో మొదలుపెడతారు. ఫోన్లో అడిగేవాళ్లు కూడా ఎక్కువయ్యారు కాబట్టి, విడివిడిగా చెప్పే బదులు వరుసగా రాసి పెడుతున్నా.

బయటి పాపం మానడానికి మన చుట్టూ కావలి ఉంటుంది. తాగితే వాసన వస్తుంది, పాస్టర్ గారు అడుగుతారు, ఇంట్లో లొల్లి అవుతుంది. అసూయకు వాసన రాదు. పగ పెట్టుకొని కూడా ముందు వరుసలో కూర్చొని చేతులెత్తి పాడొచ్చు, ఎవరూ పట్టుకోరు. మార్కు సువార్త 7వ అధ్యాయం 21 నుంచి 23 వరకు ఒకసారి చదవండి. మనిషిని అపవిత్రపరిచేవి లోపలి నుంచే వస్తాయని యేసు ప్రభువు చెప్పిన ఆ వరుసలో నరహత్యలు, వ్యభిచారాలతో పాటే మత్సరం, అహంభావం కూడా ఉన్నాయి. మనం మాత్రం మొదటి రెంటికి సంఘం నుంచి వెలివేస్తాం, తర్వాతి రెంటిని పెట్టుకున్నవాళ్లకు కమిటీలో పదవి ఇస్తాం.

సిద్ధాంతం ఎక్కువ చెప్పను. ఆలోచన రావడం వేరు, దాన్ని పట్టుకొని నెమరేయడం వేరు. యేసు ప్రభువు కూడా శోధన ఎదుర్కొన్నాడు, పాపం మాత్రం లేదు (హెబ్రీ 4:15). దురాశ గర్భం ధరించి పాపాన్ని కంటుందని యాకోబు 1:15లో ఉంది, అంటే మధ్యలో కొంత టైము ఉంటుంది, మనం పని చేయాల్సింది ఆ టైములోనే. ఇక ఈ లోకంలో ఉండగానే హృదయం పూర్తిగా శుద్ధి అవుతుందా, చచ్చేదాకా పోరాటమేనా అన్నది సంఘాల మధ్య పాత చర్చ. మెథడిస్టు సంఘాలకు మూలమైన జాన్ వెస్లీ మార్గంలో వచ్చినవాళ్లు మొదటిది నమ్ముతారు, మన దగ్గర బాప్టిస్టు సంఘాల్లో ఎక్కువగా రెండోది వినిపిస్తుంది. మీరు ఏది నమ్మినా కింద చెప్పే పని ఒకటే.

కావలసినవి

జేబులో పట్టే చిన్న నోటుబుక్కు, ఒక పెన్ను. ఫోన్లో రాసుకుంటాం అంటారు, వద్దు. ఫోను తీస్తే నోటిఫికేషన్ కనబడుతుంది, సగం మందికి పాపం మొదలయ్యేదే అక్కడ.

బైబిలు. ముందు రెండు కీర్తనలు చాలు, 51, 139. చదువు రానివాళ్లు ఆడియో బైబిలు పెట్టుకోండి.

రోజుకు పావుగంట. రాత్రి పడుకునే ముందు అని పెట్టుకుంటే నిద్రే గెలుస్తుంది, కాబట్టి భోజనానికి ముందు పెట్టుకోండి.

నమ్మదగిన మనిషి ఒకరు. ఎవరన్నది ఏడో మెట్టులో చెప్తా.

ఆరు వారాల ఓపిక. మూడు రోజుల ఉపవాస ప్రార్థనతో అయిపోవాలని చూసేవాళ్లకు ఇది పనికిరాదు.

మొదలుపెట్టే ముందు రెండు హెచ్చరికలు

ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడబిడ్డకు "నీలో చేదు ఉంది, అది ఒప్పుకో" అని ఈ మెట్లు చెప్పకండి. ఆమెకు ముందు కావలసింది భద్రత. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. కొట్టినవాడి లెక్క కొట్టినవాడితో తేలాలి.

రెండోది. కొంతమందికి వద్దన్నకొద్దీ దేవదూషణ లాంటి భయంకరమైన మాటలు మనసులో పడుతుంటాయి, ఒప్పుకున్నదే గంటల తరబడి మళ్లీ మళ్లీ ఒప్పుకుంటారు, అయినా శాంతి ఉండదు, తిండి నిద్ర పోతాయి. ఇది పాపం ముదరడం కాదు, జబ్బు కావచ్చు, మందులున్న జబ్బు. వాళ్లు నోటుబుక్కు పెడితే టెన్షన్ ఇంకా పెరుగుతుంది. మానసిక సమస్యలకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్, దాని నంబరు 14416కి చేస్తే డబ్బులు లేకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో సర్కారు మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి, అక్కడ మానసిక వైద్యుల గురించి అడగండి. ప్రార్థన ఆపమని కాదు, ప్రార్థనతో పాటు వెళ్లమని.

1. ఒక్కటే ఎంచుకోండి

కీర్తన 139 చివరి రెండు వచనాలు మెల్లగా చదవండి. "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అని అడుగుతున్నారు కదా, అడిగాక వెంటనే లేచిపోకుండా కూర్చోండి. తర్వాత ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాయండి.

ఎవరి ఫోను వస్తే స్క్రీన్ మీద పేరు చూడగానే కడుపు మండుతుంది?
ఎవరికి మంచి జరిగిందని వింటే ముఖం నవ్వుతుంది, లోపల ఏదో పడిపోతుంది?
బండి మీద ఒక్కరే పోతున్నప్పుడు లోపల ఎవరితో వాదిస్తున్నారు?

మూడో ప్రశ్న బాగా పని చేస్తుంది. దేవరకొండ నుంచి నల్లగొండ దాకా బస్సులో కూర్చుంటే మనసు ఎవరితో కొట్లాడుతుందో గమనించండి, మీ పాపం అడ్రసు అక్కడ దొరుకుతుంది.

రెండు మూడు బయటపడితే పెద్దదాన్ని కాదు, తరచుగా వచ్చేదాన్ని తీసుకోండి. రోజూ వచ్చేదైతే వారంలోనే దాని సంగతి తెలుస్తుంది. ఒక్కొక్క దోషాన్నే పట్టుకోవాలన్నది పాత పద్ధతే, 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లయోలా తన దగ్గరికి వచ్చినవాళ్లకు ఇట్లాగే నేర్పాడు. ఆయన కథోలిక్కు కదా అని కొందరికి అభ్యంతరం. పద్ధతి మంచిదైతే ఎవరిదైతే ఏం?

ఏమీ దొరకకపోతే మీ భార్యనో భర్తనో అడగండి: "నాతో నీకు కష్టమనిపించేది ఒక్కటి చెప్పు." చెప్పాక సంజాయిషీ ఇవ్వకూడదు, ఆ రోజంతా. ఇది చదివినంత తేలిక కాదు.

2. పేరు పెట్టండి

"ప్రభువా, తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించు" అని రోజూ ప్రార్థిస్తాం. తప్పు కాదు, కానీ ఏ ఒక్క పాపమూ ఆ ప్రార్థనలో కనబడదు. "నాకు కోపం ఎక్కువ" అన్నా సరిపోదు, అందులో కొంచెం గొప్ప కూడా కలిసి ఉంటుంది. ఎవరి మీద, ఎప్పటినుంచి, ఏం కోరుకుంటున్నారు, ఇవి మూడూ ఉంటేనే పేరు పెట్టినట్టు. ఉదాహరణకు ఇట్లా రాయాలి:

"పోయిన వానాకాలం అన్న ట్రాక్టరుతో గెట్టు దాటి రెండు సాళ్లు నా వైపు దున్నిండు. అప్పటినుంచి ఆయన పత్తి ఎండితే నాకు సంతోషంగా ఉంటుంది."

లేదా: "సాక్ష్యాల టైములో ఆ తమ్ముడు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చిందని చెప్తే అందరూ ఆమేన్ అన్నారు. నా నోట రాలేదు. నా కొడుకు అదే పరీక్ష తప్పిండు."

మొదటి ఉదాహరణ మళ్లీ చూడండి. అందులో రెండు వాక్యాలున్నాయి. మొదటిది అన్న చేసింది, రెండోది నేను చేస్తున్నది. ఒప్పుకోవాల్సింది రెండోది మాత్రమే. మనలో చాలామంది ప్రార్థనలో మొదటి వాక్యమే అరగంట చెప్తారు.

ఇక్కడ ఒక సందేహం తప్పకుండా వస్తుంది. పగ వదలడమంటే భూమి వదలడమా? కాదు. సర్వేకు దరఖాస్తు పెట్టుకోండి, హద్దు రాళ్లు పాతించుకోండి, పెద్దమనుషుల్లో కూర్చోండి, అవసరమైతే కోర్టుకు కూడా వెళ్లండి. ఆయన పత్తి ఎండాలని కోరుకోవడం ఒక్కటే ఆపాలి. నిజానికి కొలత అయిపోతేనే చాలామందికి లోపల కూడా తేలికవుతుంది, క్షమించానని నోటితో చెప్పి గెట్టు దగ్గరికి వెళ్లినప్పుడల్లా పళ్లు కొరకడం కన్నా అది నయం.

3. వారం రోజులు కేవలం గమనించండి

పోరాడొద్దు. ఎక్కడ, ఎప్పుడు, దానికి ముందు ఏం జరిగింది, ఇంతే రాయండి. ఒక పేజీ ఇట్లా ఉండొచ్చు:

సోమ, పొద్దున 7, బోరు కాడ. అన్న మోటరు ఆన్ చేసిన చప్పుడు.
బుధ, రాత్రి, వాట్సాప్ స్టేటస్. వాళ్ల కొత్త కారు, ముందు కొబ్బరికాయ లేదు, ప్రార్థన చేయించిండ్రు.
గురు, రాత్రి, మళ్లీ అదే స్టేటస్ తీసి చూసిన.
శుక్ర, లేదు. ఉపవాస కూడిక.
ఆది, చర్చిల. వదిన నా ముందర వరుసల కూసుంది.

చూశారా, గురువారం ఎవరూ ఏమీ చేయలేదు. ఈయనే తీసి చూశాడు. లోపలి పాపంలో సగం ఇట్లాంటిదే, మనమే వెళ్లి తెచ్చుకునేది. ఒక వారం రాస్తే రెండు మూడు చోట్లు తేలతాయి, ఎక్కువ ఉండవు. ఆకలి, నిద్రలేమి, అప్పు కిస్తీ కట్టే రోజు, ఒంటరిగా ఫోనుతో గడిపే రాత్రి, ఇవి చాలామంది పేజీల్లో కనబడతాయి.

రాయడం రానివాళ్లు, ముఖ్యంగా పొలం పనిలో ఉండే అక్కలు, వచ్చినప్పుడల్లా కొంగుకు ఒక ముడి వేయండి. సాయంత్రం ముడులు విప్పుతూ ఒక్కోటి ఎక్కడ పడిందో గుర్తు చేసుకోండి. మగవాళ్లు జేబులో చిన్న రాళ్లు వేసుకోవచ్చు.

4. ఆ చోటును మార్చండి

కన్ను అభ్యంతరపరిస్తే పెరికి పారేయమని ప్రభువు అంత గట్టిగా చెప్పాడు (మత్తయి 5:29), మనం స్టేటస్ మ్యూట్ చేయడానికి కూడా వెనకాడతాం. మ్యూట్ చేయండి. చెడు వీడియోలు సమస్య అయితే రాత్రి ఫోను ముందు గదిలో, అందరికీ కనబడేచోట చార్జింగ్ పెట్టండి, తలగడ కిందికి తెచ్చుకోవద్దు. యాప్ తీసేసినా మళ్లీ వేసుకుంటున్నారంటే కొన్నాళ్లు బటన్ ఫోను వాడండి. హైదరాబాదులో, పూణెలో పనికి వెళ్లి ఒక్క గదిలో నలుగురైదుగురు ఉండే తమ్ముళ్లకు ఇది కష్టం, వాళ్లు కనీసం దుప్పటి కప్పుకున్నాక ఫోను ముట్టకూడదని ఒక నియమం పెట్టుకోండి.

ఇది అవసరమే, కానీ దీనితోనే ఆగిపోకండి. సర్కారు తుమ్మను నేల మట్టానికి నరికితే చేను శుభ్రంగా కనబడుతుంది, ఒక్క వాన పడితే అదే మొద్దు నుంచి ఇంకా గుబురుగా లేస్తుంది. స్టేటస్ మ్యూట్ చేసిన మనిషి పది రోజుల్లో వాళ్ల సంగతి ఇంకొకరిని అడిగి తెలుసుకుంటాడు.

5. పడ్డచోటే ఒప్పుకోండి

ఆదివారం దాకా ఆగొద్దు, సాయంత్రం దాకా కూడా వద్దు. ఇగ్నేషియస్ చెప్పింది ఏమిటంటే, ఆ దోషంలో పడ్డ ప్రతిసారీ ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని బాధపడాలి, పదిమందిలో ఉన్నా ఎవరూ గమనించరు. తర్వాత లెక్క చూసుకునేటప్పుడు ఎన్నిసార్లు పడ్డారో అన్ని చుక్కలు పుస్తకంలో పెట్టుకోవాలి. మనమూ అదే చేద్దాం, దానితోపాటు చిన్న ప్రార్థన:

"ప్రభువా, ఇది అసూయ. ఇది నాది. యేసు రక్తాన్నిబట్టి నన్ను క్షమించు, మా అన్నను దీవించు."

ఇంతే. పొడిగించొద్దు. పొడిగిస్తే మళ్లీ అన్న చేసిన పనులు చెప్పడం మొదలవుతుంది. "ఇది నాది" అన్న ముక్క వదలకండి, మనకు అలవాటైన మాట "ఇది సాతాను శోధన" అన్నది, సాతాను లేడని కాదు, కానీ గురువారం రాత్రి ఆ స్టేటస్ తెరిచిన వేలు మీదే. 1 యోహాను 1:9 కంఠతా పట్టండి. ఒప్పుకుంటే ఆయన క్షమించడానికి నమ్మదగినవాడు అని అక్కడ ఉంది, మనం ఎంతసేపు ఏడిస్తే అంత క్షమిస్తాడని లేదు.

"దీవించు అనడానికి నోరు రావట్లేదు" అంటారు. రాకపోయినా అనండి. మనసు తర్వాత వస్తుంది, కొన్నిసార్లు చాలా తర్వాత.

6. ఖాళీగా వదలకండి

అపవిత్రాత్మ వెళ్లిపోయిన ఇల్లు ఊడ్చి అమర్చి ఉంటే అది మరి ఏడింటిని వెంటబెట్టుకొని వస్తుందని లూకా 11:24-26లో ఉంది. పౌలు కూడా దొంగతో "దొంగతనం మానుకో" అని ఊరుకోలేదు, కష్టపడి పని చేసి అక్కరలో ఉన్నవాడికి పెట్టమన్నాడు (ఎఫెసీ 4:28). అంటే ప్రతి పాపానికి ఎదురు పని ఒకటి ఉంటుంది. అది చిన్నదిగా, ఆ రోజే చేయగలిగేదిగా ఉండాలి.

అసూయ అయితే, ఆ మనిషికి కలిగిన మంచిని పేరు పెట్టి దేవునికి కృతజ్ఞత చెప్పండి, వీలైతే అదే రోజు ఆయనకు ఫోన్ చేసి రెండు మంచి మాటలు చెప్పి పెట్టేయండి. పగ అయితే, రోమా 12:20 ప్రకారం దప్పిగొన్నవాడికి నీళ్లు: చేను దగ్గర ఎదురైతే ముందు మీరే పలకరించండి, బోరు చెడిపోయిన రోజు ఒక బిందె నీళ్లు పట్టుకోనివ్వండి. గర్వానికి ఎవరూ చూడని పని కావాలి. క్రిస్మస్ భోజనాల తర్వాత గిన్నెలు కడగడం, కూడిక అయ్యాక దుప్పట్లు, కుర్చీలు సర్దడం, బాత్రూము కడగడం. మైకు దగ్గర నిలబడేవాళ్లకు, కీబోర్డు వాయించేవాళ్లకు ఇది నెలకు ఒకసారైనా పెట్టాలని నా అభిప్రాయం. ఫోటో తీసుకున్నారంటే లెక్కలోకి రాదు.

మోహానికి ఎదురు నిలబడి వాదించకుండా అక్కడి నుంచి లేవండి. యోసేపు పారిపోయాడు, ప్రసంగం చేయలేదు. లేచి నీళ్లు పట్టండి, బయటికి నడవండి, మీ మనిషికి ఫోన్ చేయండి. ధనాశకు, ఎడమ చేతికి తెలియకుండా ఇవ్వడం. కానీ అప్పు తెచ్చి ఇవ్వొద్దు, ఇంట్లో పిల్లల ఫీజు పైసలు తీసి ఇవ్వొద్దు.

7. ఒక మనిషికి చెప్పండి

"మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు 5:16లో ఉంది, ఈ మాట మీద మన దగ్గర ప్రసంగాలు తక్కువ. జాన్ వెస్లీ 1738లో ఇంగ్లండులో చిన్న చిన్న గుంపులకు నియమాలు రాసినప్పుడు ఈ వచనాన్నే పునాదిగా పెట్టాడు. వారానికి ఒకసారి కలవాలి, మగవాళ్లు వేరు, ఆడవాళ్లు వేరు, అడగాల్సిన ప్రశ్నలు నాలుగు. మన మాటల్లో చెప్పాలంటే:

పోయినసారి కలిశాక తెలిసి చేసిన పాపం ఏమిటి?
ఏ శోధనలు ఎదురయ్యాయి?
ఎట్లా తప్పించుకున్నావు?
పాపమా కాదా అని నీకే అనుమానంగా ఉన్న ఆలోచన, మాట, పని ఏదైనా ఉందా?

ఈ నాలుగు చాలు. అరగంట, చాయ్ తాగుతూ గానీ, చెరువు కట్ట మీద నడుస్తూ గానీ. ఇద్దరూ జవాబు చెప్పాలి, ఒకరే చెప్తే అది విచారణ అవుతుంది.

అసలు చిక్కు మనిషిని ఎంచుకోవడంలో ఉంది. మన ఊర్లలో సంఘం అంటే సగం చుట్టాలే, గెట్టు పంచాయితీ ఉన్నవాడూ, మీరు చెప్పుకునేవాడూ ఒకే ఇంటి అల్లుళ్లు కావచ్చు. అట్లాంటప్పుడు పక్క మండలంలో ఉన్న విశ్వాసిని చూసుకోండి, ఫోన్లో మాట్లాడుకున్నా సరే. మగవాళ్లు మగవాళ్లకే, ఆడవాళ్లు ఆడవాళ్లకే చెప్పాలి, ఇందులో మినహాయింపు వద్దు. ఇంకో పరీక్ష ఉంది. ఆయన మీ దగ్గర ఇతరుల గుట్టు చెప్తున్నాడా? అయితే మీ గుట్టు కూడా ఎక్కడో చెప్తాడు, వదిలేయండి.

ఎక్కడ చెప్పకూడదో కూడా వినండి. మైకులో వద్దు. సాక్ష్యాల టైములో లోపలి పాపం వివరాలు చెప్తే ఆ పూటకు అందరూ ఏడుస్తారు, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. మీరు ఎవరి మీద మోహపడ్డారో ఆ మనిషికి వెళ్లి "క్షమించు సిస్టర్" అని చెప్పకండి, అది ఆమె నెత్తిన కొత్త బరువు. మీ అసూయ గురించి అవతలి మనిషికి తెలియకపోతే ఆయనకు చెప్పాల్సిన పని లేదు. అది మాటగానో పనిగానో బయటికి వచ్చి ఆయనకు నష్టం చేసి ఉంటేనే వెళ్లి క్షమాపణ అడగాలి. పిల్లలకు హాని, డబ్బు కాజేయడం లాంటివి ఉంటే అది నోటుబుక్కుతో తేలే విషయం కాదు, చట్టం ముందు కూడా నిలబడాలి, విన్నవాడు దాచకూడదు.

8. ప్రభువు బల్లకు ముందు లెక్క చూసుకోండి

బల్ల ఉన్న ఆదివారానికి ముందు శనివారం, ఆ నెల పేజీలు తిరగేయండి. ప్రతి మనిషి తన్ను తాను పరీక్షించుకొని రొట్టె తినాలని 1 కొరింథీ 11:28 చెప్తుంది. పరీక్షించుకొని మానేయమని కాదు, పరీక్షించుకొని తినమని. మూడు చుక్కలు ఎక్కువ పడ్డాయని నెలల తరబడి బల్లకు దూరంగా ఉండేవాళ్లు ఉన్నారు. రావాలి, ఒప్పుకొని రావాలి.

క్షమాపణ అడగాల్సింది ఉంటే అదే శనివారం వెళ్లండి. అడిగేటప్పుడు "నువ్వు అట్లా అన్నందుకే నేను ఇట్లా" అన్న వాక్యం ఉండకూడదు. "నిన్ను గురించి ఫలానా చోట ఫలానా మాట అన్న. తప్పు నాది" అని ఆపేయండి. ఆయన క్షమించకపోతే అది ఆయన లెక్క.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికన్నా ముందు, ప్రార్థన విన్నపం పేరుతో చాడీలు. "ఫలానా సిస్టర్ కోసం ప్రార్థన చేయండి, ఇంట్లో ఏందో జరుగుతుందంట" అని మహిళా కూడికలో చెప్పడం. దేవునికి ఆ వివరాలు ముందే తెలుసు.

వాక్యాన్ని స్టేటస్‌గా పెట్టి ఎవరికో తగలాలని చూడటం కూడా ఇంకోటి. అది ఎవరు చూశారో గంటకోసారి తీసి చూస్తున్నారంటే ఆ వాక్యం మీకే.

జనవరి 1న ఒట్టు పెట్టుకొని సంక్రాంతికి మరిచిపోవడం. ఒట్టు బయటి అలవాటుకు కొంత పని చేస్తుందేమో గానీ, "ఇక అసూయపడను" అన్న ఒట్టు రెండో రోజే పోతుంది, ఆ తర్వాత మిగిలేది నిరాశ.

ఉపవాసాన్ని శిక్షగా వాడటం. పడ్డందుకు రెండు పూటలు మాడ్చుకుంటే పాపం తీరదు, అది సిలువ మీద తీరింది. షుగర్, బీపీ మందులు వేసుకునేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఉపవాసం ఉండొద్దు, ఆకలితో చిరాకు పెరిగి ఇంట్లోవాళ్ల మీద అరిచి కొత్త చుక్క పెట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు.

నోటుబుక్కే గర్వం కావడం. ఇది విచిత్రంగా ఉంటుంది కానీ జరుగుతుంది. చుక్కలు తగ్గగానే, రాయనివాళ్లను చూసి "వీళ్లు ఎప్పుడు మారుతారో" అనిపిస్తుంది. లూకా 18లో దేవాలయానికి వెళ్లిన పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసం లెక్క చెప్పాడు. అట్లా అనిపించిన రోజు, అనిపించిందని అదే పుస్తకంలో రాయండి.

తగ్గిందని ఎట్లా తెలుస్తుంది

ఆలోచన రావడం ఆగిందా అని చూడకండి, అది చాలాకాలం వస్తూనే ఉండొచ్చు. ఎంతసేపు ఉంటుందో చూడండి. మొదట్లో వారం రోజులు నెమరేసిన మాట ఇప్పుడు పొద్దుగూకే లోపు పోతుందా? "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అని ఎఫెసీ 4:26లో ఉన్నది గడియారం లాంటి కొలతే. ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చండి, పక్కవాడితో కాదు.

ఆ మనిషి కోసం పేరు పెట్టి ప్రార్థించగలుగుతున్నారా? ఆయనకు నష్టం వచ్చిందని విన్నప్పుడు లోపల ఏం జరిగింది? ఇది నిజమైన పరీక్ష, ఎందుకంటే ఆ వార్త చెప్పి రాదు, ముందే తయారై ఉండలేం.

ఇంట్లోవాళ్లను అడగండి, పిల్లలను అడిగితే ఇంకా మంచిది, వాళ్లు మొహమాటపడరు. ఆరు వారాల తర్వాత "నాన్న కొంచెం నయం" అన్నారంటే చాలు. చుక్కలు మొదటి రెండు వారాల్లో పెరిగితే భయపడకండి, పాపం పెరగలేదు, ఇంతకుముందు లెక్కపెట్టలేదు అంతే.

ఆరు వారాలైనా కదలిక లేకపోతే మూడు కారణాల్లో ఒకటి ఉంటుంది. పేరు సరిగా పెట్టలేదు, రెండో మెట్టుకు వెళ్లి మళ్లీ రాయండి. లేదా ఏడో మెట్టు దాటవేశారు, ఎక్కువమంది చేసేది ఇదే, మిగతా ఏడు మెట్లూ శ్రద్ధగా చేస్తారు, మనిషికి మాత్రం చెప్పరు. లేదా దాని కింద ఇంకేదో ఉంది, పాత గాయమో, భయమో, అప్పో. అప్పుడు పాస్టర్ గారి దగ్గర ఒక గంట అడిగి కూర్చోండి, ఆదివారం ఆరాధన అయిపోయాక జనం మధ్య కాదు, మధ్యవారంలో, నోటుబుక్కు చేత పట్టుకొని.

తగ్గితే రెండోదానికి వెళ్లండి, మొదటిదాన్ని మాత్రం నెలకొకసారి తిరిగి చూస్తూ. పాత పేజీల్లో మనుషుల పేర్లు ఉంటాయి, కాబట్టి పని అయిపోయిన పేజీలు చించి పొయ్యిలో వేయండి, ఇంట్లో బియ్యం డబ్బా మీదో బైబిలు మధ్యలోనో వదిలేస్తే ఆ వదినే వచ్చి చదివే ప్రమాదం ఉంది.